పన్నెండు బై ఎనిమిది

కార్పొరేటర్ మనిషి పెన్‌డ్రైవ్ తెచ్చాడు.
పదిహేడు మొహాలు, ఒక పతకం.
అన్న ఫొటో నిలువెత్తు ఉండాలి,
తమ్ముళ్లు కింద వరసగా, గుండ్రాల్లో,
అమ్మాయిని ఎక్కడో ఒకచోట సర్దు, అన్నాడు.
సర్దాను.
రాంనగర్ గుండు దగ్గర పద్నాలుగేళ్లుగా
నేను చేసే పని సర్దడమే.

పైన ఏం రాయాలి?
"మన గల్లీ ముద్దుబిడ్డ, మన దేశం గర్వం."
'మన' అని కొట్టాను. రెండక్షరాలు.
మెరుపు అంచు పెట్టి, వెనక మూడు రంగులు పరిచాను.
వేలు కీబోర్డు మీదే ఉండిపోయింది.

ఈ రవళి ఉరకదు, నడుస్తుంది.
ఇరవై కిలోమీటర్ల నడక పందెం.
మోకాలు వంగొద్దు,
రెండు పాదాలూ ఒకేసారి గాల్లో ఉండొద్దు,
అందుకే నడుము అటూ ఇటూ తిరుగుతుంది.
ఆ తిరగడం చూసి మా గల్లీ నవ్వింది.
చీకటి విడవకముందే ఆమె ఆర్ట్స్ కాలేజీ రోడ్డుకు పోతుంటే
పోరగాళ్లు వెనకాల అదే నడక నడిచి చూపేవాళ్లు.
నేను పోరగాణ్ణి కాదు. నలభై నిండినవాణ్ణి.
ఒకరోజు స్కూటర్ మీద వెనకనుంచి వచ్చి
చెవి పక్కన హారన్ కొట్టాను. ఊరికే.
ఆమె ఎగిరిపడింది.
హ్యాండిల్‌కు పాల పాకెట్లు ఊగుతుండగా
నవ్వుకుంటూ పోయాను.

మూడేళ్ల కింద ఏదో దేశంలో
ఎర్ర అట్ట చూపించి ఆమెను బయటకు పంపితే
చాయ్ హోటల్లో అనుకున్నాం:
"యాదమ్మ బిడ్డ ఔటైందట."
మొన్న గెలిచిన రాత్రి
అదే బల్ల దగ్గర, అదే సాసర్లో చాయ్ పోసుకుంటూ
"గెలిచినం భయ్, గెలిచినం!"
ఎవరం?

అబద్ధం చెప్పను. జెండా పైకి పోతుంటే
నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి.
టీవీ ముందు లుంగీతోనే లేచి నిలబడ్డాను.
ఆ నీళ్లు దొంగవి కావు.
ఎక్కడివో మాత్రం చెప్పలేను.
ఎవరింటి బారాత్‌లోనో బ్యాండు మోగితే
దారిన పోయేవాడి కాలు కూడా ఆడుతుంది,
అంతమాత్రాన వాడు పెళ్లికొడుకు తరఫు కాడు.
మరి కాలు ఆడటం తప్పా?
అదీ చెప్పలేను.

సాయంత్రం యాదమ్మ వచ్చింది,
ఇస్త్రీ బండి బూడిద చీర కుచ్చిళ్లకు అంటుకుని.
తెర మీద బిడ్డను వంగి చూసుకుంది.
"ఏం రాసినవ్ బిడ్డా, చదువు."
చదివాను.
"మంచిగుంది" అంది.
కాసేపాగి, ఎవరితోనో అన్నట్టు:
"మేము మూడున్నరకు లేస్తుంటిమి.
గుడ్లకు మేము కిరాణంల ఖాతా పెట్టినం.
బూట్లు అరిగితే మేమే టైరు ముక్క అంటించినం."

మేము.
తెలుగు ఎంత నిక్కచ్చి భాషో ఆ పూట తెలిసింది.
ఎదుటివాణ్ణి లోపలికి పిలిస్తే మనం,
గడప బయట ఉంచితే మేము.
ఆమె ఉంచాలని ఉంచలేదు.
నేను నిలబడ్డ చోటే అది.

అయినా మార్చలేదు. ఫైలు ప్రింటుకు పంపాను.
డబ్బులు అన్నవి, అక్షరాలూ అన్నవే.
తెల్లారి చౌరస్తాలో కట్టారు, పటాకులు కాల్చారు.
విమానం ఆలస్యమై దండలు వాడిపోయినా
ఫొటోలు దిగారు, ముందే, ఆమె లేకుండా.

పదకొండో రోజు గాలివాన.
ఒక మూల తెగి ఫ్లెక్సు వేలాడుతుంటే
యాదమ్మ చాకుతో కోసుకుపోయింది.
ఇప్పుడది ఇస్త్రీ బండికి పైకప్పు.
పదిహేడు మొహాలూ ఎండకూ వానకూ పైన.
మిట్టమధ్యాహ్నం కింద నిలబడి తలెత్తితే
వెలుతుర్లో అక్షరాలు తిరగేసి కనిపిస్తాయి,
నేను కొట్టిన 'మన' కూడా.

ఆదివారం మూడు చొక్కాలు తీసుకుపోయాను.
బొగ్గుల పెట్టె కింద నా కాలరు వేడెక్కుతుంటే
హారన్ సంగతి చెప్పేద్దామనుకున్నాను.
"ముప్పై" అంది యాదమ్మ.
యాభై ఇచ్చి, ఉంచుకో అన్నాను.
కొంగుముడి విప్పి
ఇరవై లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.